పాత పెట్టెను చిన్నది చేయాలంటే: కోయాలా, మార్చాలా, వదిలేయాలా?

2000లో వచ్చిన మొదటి ప్లేస్టేషన్ 2 గేమ్ యంత్రం మూత ఎప్పుడైనా విప్పి చూశారా? అంత పెద్ద నల్ల పెట్టెలో నిజంగా లెక్కలు చేసే చిప్పులకు పట్టేది కాస్తంత చోటే. మిగతాదంతా డిస్కు డ్రైవు, కరెంటు సరఫరా బోర్డు, ఫ్యాను, రేకు కవచాలు, హార్డ్ డిస్కు కోసం వదిలిన ఖాళీ గూడు. 2004లో అదే యంత్రం పుస్తకమంత పలుచగా మారి వచ్చింది. తయారీదారు చేసిన పనులు ముఖ్యంగా నాలుగు. కరెంటు సరఫరాను బయటి అడాప్టరులోకి నెట్టారు. హార్డ్ డిస్కు గూడు తీసేశారు. మోటారుతో బయటికి వచ్చే ట్రే బదులు పైకి తెరిచే మూత పెట్టారు. రెండు పెద్ద చిప్పులను కలిపి ఒకటి చేశారు.

ఈ నాలుగింటిలో మొదటి మూడు రకాల పనులు ఇంట్లో బల్ల మీద చేయగలిగినవే. నాలుగోది మన వల్ల కాదు. పాత పరికరాన్ని చిన్నది చేయాలనుకునేవాళ్లు ఈ తేడా మరిచిపోయి, నేరుగా రంపం పట్టుకుని చిప్పుల బోర్డు మీద పడతారు. నేనూ అలాగే పడ్డాను. ఆ కథ కిందికి వస్తుంది. ముందు దారులేమిటో, ఏది ఎవరికి నప్పుతుందో చూద్దాం.

మొదటి పని స్కేలు తీసుకుని కొలవడం. మూత విప్పి, లోపల ఏ భాగం ఎంత పొడవు, వెడల్పు, ఎత్తు ఉందో కాగితం మీద రాసుకోండి. పావుగంట పడుతుంది. దీనివల్ల చాలా భ్రమలు తొలగిపోతాయి. పరికరం ఏదైనా అది మింగే వస్తువు కన్నా చిన్నది కాలేదు. సీడీ, డీవీడీల వ్యాసం 12 సెంటీమీటర్లు. కాబట్టి డిస్కు డ్రైవు ఉంచినంత కాలం పెట్టె వెడల్పు అంతకన్నా తగ్గదు, బోర్డును ఎంత కోసినా సరే. ఆడియో క్యాసెట్ పొడవు 10 సెంటీమీటర్లు. వీహెచ్‌ఎస్ క్యాసెట్ దాదాపు 19. వీసీఆర్‌ను చిన్నది చేస్తానని బయలుదేరిన మిత్రుడికి నేను ఆ క్యాసెట్‌ను ఒకసారి చేత్తో పట్టుకుని చూడమని చెప్పాను. ఆ ఉత్సాహం అక్కడితో చల్లారింది.

మీ పరికరానికి తయారీదారే చిన్న రూపం తెచ్చి ఉంటే, మీకు కావలసింది అలమరలో చోటు మాత్రమే అయితే, అది కొనేసుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు. ప్లేస్టేషన్ 2, 3 రెండింటికీ, ఎక్స్‌బాక్స్ 360కీ పలుచని రూపాలు ఉన్నాయి. 1994లో వచ్చిన మొదటి ప్లేస్టేషన్‌కు 2000లో గుండ్రటి అంచుల చిన్న తమ్ముడు పుట్టాడు. అయితే చిన్న రూపంలో ఏం పోయిందో చూసుకోవాలి. ఆ తమ్ముడికి రెండు యంత్రాలను కలిపే సీరియల్ పోర్టు లేదు. పలుచని ప్లేస్టేషన్ 2కు హార్డ్ డిస్కు గూడు లేదు. మీరు వాడేది సరిగ్గా అదే అయితే ఈ దారి మూసుకుపోయినట్టే.

కరెంటు సరఫరా: అన్నిటికన్నా ముందు చూడవలసిన చోటు

పాత టేపు రికార్డర్లు, రేడియోలు, ఆంప్లిఫయర్లలో చేతికి బరువు తగిలేది ఇనుప ట్రాన్స్‌ఫార్మర్. గోడ సాకెట్టులోని కరెంటు అటూ ఇటూ ఊగుతూ సెకనుకు 50 లేదా 60 చక్రాలు పూర్తి చేస్తుంది. ఆ నెమ్మది వేగంలో శక్తిని దాటించాలంటే పెద్ద ఇనుప గుండె కావాలి. స్విచింగ్ సరఫరా ఆ పనినే సెకనుకు పదుల వేల నుంచి లక్షల సార్లు చేస్తుంది. అందుకే దాని ట్రాన్స్‌ఫార్మర్ అగ్గిపెట్టెలో పట్టేంత ఉంటుంది. లోపలి ఇనుప దిమ్మను తీసేసి బయటి స్విచింగ్ అడాప్టరు పెడితే ఒక్క దెబ్బతో చోటూ బరువూ రెండూ దిగుతాయి. గోడ కరెంటు పెట్టె లోపలికి రావడం మానేస్తుంది కాబట్టి భద్రత కూడా పెరుగుతుంది.

రెండో అవకాశం మూడు కాళ్ల రెగ్యులేటర్లు. పాత బోర్డుల మీద 7805 అనే చిప్పు తరచూ కనిపిస్తుంది. తన పరిమితిలో ఇచ్చిన వోల్టేజీని 5 వోల్టులకు దించి, మిగిలినదాన్ని వేడిగా వదలడమే దాని పని. 12 వోల్టులు ఇచ్చి 1 ఆంపియర్ లాగితే పనికి వెళ్లేది 5 వాట్లు, వృథాగా వేడెక్కేది 7 వాట్లు. ఆ 7 వాట్ల కోసమే వేడిని గాలిలోకి వదిలే అల్యూమినియం హీట్‌సింక్, దాని కోసం ఎత్తు, గాలి ఆడటానికి ఖాళీ. అదే కాళ్ల అమరికతో స్విచింగ్ రెగ్యులేటర్లు దొరుకుతాయి. 90 శాతం సామర్థ్యం ఉన్నది పెడితే వృథా అర వాటుకు కాస్త పైన ఉంటుంది. హీట్‌సింక్ తీసేయవచ్చు. కోత లేకుండానే రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు కలిసి వస్తుంది. నాకు తెలిసినంతలో పెట్టిన శ్రమకు ఇంతకన్నా ఎక్కువ ఫలితమిచ్చే మార్పు మరొకటి లేదు.

కానీ ఇది అన్ని చోట్లా పనికిరాదు. స్విచింగ్ రెగ్యులేటర్ నిత్యం సన్నటి విద్యుత్ రొద చేస్తూనే ఉంటుంది. గేమ్ యంత్రానికి అది పట్టదు. మీడియం వేవ్ రేడియోకు మాత్రం ప్రాణాంతకం. ఆ స్టేషన్లు ఉండే 530 నుంచి 1,700 కిలోహెర్ట్జ్ ప్రాంతంలోనే ఈ రొద, దాని ప్రతిధ్వనులు పడతాయి. స్టేషను స్థానంలో ఈల వినిపిస్తుంది. రేడియోలో ఇంకో చిక్కు కూడా ఉంది. లోపల నల్లటి ఫెరైట్ కడ్డీ ఉంటుంది కదా, అదే యాంటెనా. చిన్న పెట్టెలో పట్టలేదని దాన్ని విరిచినా, బ్యాటరీనో లోహపు రేకునో దానికి ఆనించినా స్టేషన్లు వినపడటం తగ్గిపోతుంది. రేడియో అయితే పాత రెగ్యులేటర్నే ఉంచి, స్పీకరు, పెట్టె మార్చుకుంటే చాలని నా సలహా. ఇంకా నిజం చెప్పాలంటే, రేడియోను అలాగే వదిలేయండి.

బయటి అడాప్టరుగా యూఎస్‌బీ టైప్ సీ ఛార్జరు వాడాలనే కోరిక ఇప్పుడు అందరికీ ఉంది. వాడవచ్చు. కావలసిన వోల్టేజీని ఛార్జరును అడిగి తీసుకునే వేలెడంత బోర్డులు వస్తున్నాయి. ఒక చిన్న మెలిక ఉంది. ఈ ఛార్జర్లు పాటించే పవర్ డెలివరీ ప్రమాణంలో మామూలుగా ఉండే మెట్లు 5, 9, 15, 20 వోల్టులు. పాత యంత్రాలు ఎక్కువగా అడిగేది 12. కొన్ని ఛార్జర్లు 12 ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఇవాళ పనిచేసి రేపు ఇంకొకరి ఛార్జరుతో మొరాయించకూడదంటే, 15 అడిగి లోపల 12కు దించుకోవడం మంచిది.

ఒక హెచ్చరిక. స్విచింగ్ సరఫరాలో గోడ వైపు ఉండే పెద్ద కెపాసిటర్, 230 వోల్టుల సరఫరా ఉన్న చోట, దాదాపు 325 వోల్టుల దాకా నిండి ఉంటుంది. ప్లగ్గు పీకిన తరవాత కూడా ఆ నిల్వ కొంతసేపు ఉండవచ్చు. మీటరు పెట్టి చూడకుండా వేలు పెట్టకండి. మైక్రోవేవ్ ఓవెన్, గాజు గొట్టపు టీవీల సంగతైతే ఈ వ్యాసంలో చర్చే లేదు. మొదటిదాని కెపాసిటర్ వేల వోల్టులతో మనిషిని చంపగలదు. రెండోదాని గొట్టంలో ఇరవై వేల వోల్టులు దాటడం మామూలు. అవి ఎంత చోటు తింటున్నా తిననివ్వండి.

డ్రైవు తీసి కార్డు పెట్టడం

డిస్కు డ్రైవు స్థానంలో మెమొరీ కార్డు చదివే చిన్న బోర్డు పెట్టడం రెండో పెద్ద లాభం. మొదటి ప్లేస్టేషన్, సెగా సాటర్న్, 1998 నాటి డ్రీమ్‌క్యాస్ట్ వంటివాటికి ఇలాంటి బోర్డులు ఉన్నాయి. అసలు యంత్రానికి డ్రైవు ఉన్నట్టే అనిపిస్తుంది. సమాచారం మాత్రం కార్డు నుంచి వస్తుంది. 12 సెంటీమీటర్ల నియమం తెగిపోతుంది. మోటారు, లేజరు పోతాయి కాబట్టి కరెంటు వాడకం తగ్గుతుంది. అరిగిపోయిన లేజరు గొడవ కూడా ఉండదు. చాలా వాటిలో పాత డ్రైవును జాగ్రత్తగా తీసి పెట్టుకుంటే మళ్లీ యథాస్థితికి తేవచ్చు. వెనక్కి తిరగడానికి వీలున్న మార్పుకు నేను ఎప్పుడూ రెండు మార్కులు ఎక్కువ వేస్తాను.

కొనే ముందు మీ బోర్డు వెర్షన్ చూసుకోండి. ఒకే పేరు మీద అమ్మిన యంత్రంలో కాలం గడిచేకొద్దీ లోపలి బోర్డు మారుతూ వచ్చింది. కార్డు బోర్డు కొన్నింటికే సరిపోతుంది. ఆటల నకళ్ల విషయంలో మీ దగ్గరున్న డిస్కుల నుంచి మీరే తీసుకోవడం ఒక్కటే నేను సిఫారసు చేసే పద్ధతి.

పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ కూడా ఈ జాతిలోనిదే, అయితే ఇంకా సులువు. అక్కడ కొలతలకు ప్రమాణాలు ఉన్నాయి. మామూలు ఏటీఎక్స్ బోర్డు 305 బై 244 మిల్లీమీటర్లు, మినీ ఐటీఎక్స్ బోర్డు 170 బై 170. చిన్న పెట్టె, చిన్న సరఫరా, డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ. స్క్రూడ్రైవరు ఉంటే చాలు, రంపం అవసరం లేదు. అయితే బోర్డు మారిస్తే సాధారణంగా ప్రాసెసరు, మెమొరీ కూడా మారతాయి. అప్పుడు దాన్ని పాత కంప్యూటర్ అనాలో కొత్తది అనాలో మీరే తేల్చుకోవాలి.

బోర్డు కోయడం

ఇక రంపం కథ. కోతకు బాగా పేరున్న గేమ్ యంత్రం 2006లో వచ్చిన నింటెండో వీ (Wii). దాని బోర్డులో ప్రాసెసరు, గ్రాఫిక్స్ చిప్పు, మెమొరీ, 512 మెగాబైట్ల ఫ్లాష్ చిప్పు ఒకే మూలన గుంపుగా ఉంటాయి. ఆ గుంపు చుట్టూ కోసేసి, పోయిన సరఫరాల బదులు నాలుగు వోల్టేజీలను, అంటే 1, 1.15, 1.8, 3.3 వోల్టులను, బయటి నుంచి ఇస్తే అది మళ్లీ లేచి కూర్చుంటుంది. అరచేతిలో పట్టే యంత్రాలను ఇలాగే తయారు చేస్తారు.

బోర్డు చూడటానికి ఒక పలక. నిజానికి పొరల కేకు. మధ్యలో కనిపించని రాగి పొరలు ఉంటాయి, ఒకటి గ్రౌండు, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి, మరొకటి సరఫరా. రంపం నడిచిన చోట ఆ పొరల అంచులు నలిగి ఒకదానికొకటి తగులుకుంటాయి. కంటికి శుభ్రంగా కనిపించే అంచులో వెంట్రుకంత రాగి పోగు చాలు, షార్ట్ కావడానికి. నేను మొదటిసారి కోసినప్పుడు ఎమరీ కాగితంతో పైపైన రుద్ది, మీటరు పెట్టాను. 1 వోల్టు తీగకూ గ్రౌండుకూ మధ్య రెండు ఓమ్‌లు చూపించింది. షార్టే అనుకున్నాను. అంచును ఇంకా అరగదీశాను. రెండు ఓమ్‌లే. మరో సాయంత్రం అరగదీశాను. ఈసారి అంచుకు దగ్గరగా ఉన్న ఒక సన్నటి రాగి గీత తెగిపోయింది. బోర్డు చచ్చింది. తరవాత, కోయని ఇంకో బోర్డు మీద అదే చోట మీటరు పెడితే అక్కడా దాదాపు రెండు ఓమ్‌లే! తక్కువ వోల్టేజీతో ఎక్కువ కరెంటు లాగే చిప్పులకు ఆ సరఫరా వైపు నిరోధం పుట్టుకతోనే అంత తక్కువ. ఉన్న జబ్బును నయం చేయబోలేదు నేను, లేని జబ్బుకు వైద్యం చేసి చంపాను.

అందుకని కోతకు ముందే ప్రతి సరఫరా తీగకూ గ్రౌండుకూ మధ్య నిరోధం కొలిచి రాసుకోండి. కోసిన తరవాత మళ్లీ కొలిచి పోల్చండి. ఆ కాగితం లేకుండా కోయకండి. కోత కోసం గీసుకున్న గీత నుంచి రెండు మిల్లీమీటర్లు వదిలి కోసి, మిగతాది 400 నంబరు కాగితంతో మొదలుపెట్టి 1000 దాకా నీటితో తడుపుతూ అరగదీయండి. తడపడం నునుపు కోసమే అనుకోకండి. ఆ పలక గాజు నారతో చేసినది, దాని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఎన్95 మాస్కు తప్పనిసరి. ఇంకో విషయం, డిస్కు డ్రైవు పోయే యంత్రమైతే అవసరమైన సాఫ్ట్‌వేర్ మార్పులన్నీ కోతకు ముందే చేసి, పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. కోసిన తరవాత గుర్తొస్తే లాభం లేదు.

తీగల గురించి కూడా ఒక లెక్క. సరఫరా తీగ నిరోధం 0.05 ఓమ్ మాత్రమే అనుకోండి. 3 ఆంపియర్లు పారితే అందులో 0.15 వోల్టు పడిపోతుంది. 12 వోల్టుల తీగలో అది లెక్కలోకి రాదు. 1 వోల్టు తీగలో అయితే చిప్పుకు అందేది 0.85 వోల్టులే, యంత్రం మధ్యలో స్తంభించిపోతుంది. కాబట్టి తక్కువ వోల్టేజీ తీగలు పొట్టిగా, లావుగా ఉండాలి. సన్నటి ఎనామెల్ తీగను సంకేతాలకే వాడాలి. మెమొరీ చిప్పును మాత్రం మరో చోటికి జరపాలని చూడకండి. ఆ వేగంలో తీగ పొడవులో తేడాలు కూడా తప్పులకు దారితీస్తాయి.

ఎవరికి ఈ దారి? సన్నటి టంకం పనిలో చేయి తిరిగినవాళ్లకు, కనీసం ఒక బోర్డును పోగొట్టుకోవడానికి సిద్ధపడినవాళ్లకు. అరుదైన యంత్రాన్ని కోయడం నాకు ఇష్టం ఉండదు. లక్షల సంఖ్యలో అమ్ముడై, డ్రైవు చెడి మూలపడ్డదాన్ని కోయండి, ఎవరూ ఏమీ అనరు. నింటెండో 64కు మూల సరఫరా 3.3, 12 వోల్టులే కాబట్టి కోయకుండా సరఫరా, పెట్టె మార్చినా బాగా చిన్నదవుతుంది. కొత్తవాళ్లు అలాంటిదానితో మొదలుపెడితే చేయి కుదురుతుంది.

ఖాళీ చేసి కొత్త ప్రాణం పోయడం

ఇంకొందరు లోపలిదంతా తీసేసి చిన్న కంప్యూటర్ బోర్డు పెడతారు. రాస్‌బెర్రీ పై జీరో 65 బై 30 మిల్లీమీటర్లు. రెండు వేళ్లంత. పాత యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌తో అనుకరిస్తుంది. చోటు విషయంలో దీన్ని మించింది లేదు, టంకం దాదాపు అక్కర్లేదు, కొత్త టీవీకి నేరుగా కలుస్తుంది. కానీ పెట్టె మాత్రమే పాతది. మీట నొక్కినప్పటి నుంచి తెర మీద కదలిక వచ్చేదాకా పట్టే ఆలస్యం కొన్ని ఆటల్లో తెలిసిపోతుంది. పాత యంత్రం మీద మమకారం ఉన్నవాడికి ఇది తాతగారి గడియారంలో బ్యాటరీ యంత్రం బిగించినట్టు ఉంటుంది. మమకారం లేనివాడికి ఇదే ఉత్తమమైన దారి. అసలు బోర్డు ఎప్పుడో కాలిపోయి, పెట్టె ఒక్కటే మిగిలి ఉంటే నేనూ ఇదే చేస్తాను. పనిచేసే బోర్డును తీసి పారేయడానికి మాత్రం దీన్ని సాకు చేయకండి.

ఆంప్లిఫయర్లలోనూ ఇదే తీరు. పాత ఏబీ తరగతి సర్క్యూట్ వేడి చేసే పరిమాణానికి పెద్ద హీట్‌సింక్ కావాలి. దాదాపు 90 శాతం సామర్థ్యంతో నడిచే డీ తరగతి బోర్డు అరచేతిలో పడుతుంది. పాత ముఖభాగం, పాత మీటలు ఉంచి లోపల అది పెట్టవచ్చు. కానీ అప్పుడు మీరు వింటున్నది వేరే ఆంప్లిఫయర్‌ను.

వేడి, పెట్టె, పాత కెపాసిటర్లు

ఏ దారి ఎంచుకున్నా చివరికి అడ్డం తిరిగేది వేడే. పెట్టె చిన్నదైనంత మాత్రాన చిప్పు విడిచే వేడి తగ్గదు, దాన్ని వదిలించుకునే దారి తగ్గుతుంది. త్రీడీ ముద్రణలో అందరూ వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పీఈటీజీ 80 దాకా, ఏబీఎస్ 100 దాకా నిలుస్తాయి. హీట్‌సింక్‌కు ఆనే గోడను పీఎల్‌ఏతో చేయకండి. చిన్న ఫ్యాను వేగంగా తిరిగి దోమలా రొద చేస్తుంది. కాస్త పెద్దది నెమ్మదిగా తిరిగితే అదే గాలిని నిశ్శబ్దంగా ఇస్తుంది. ఫ్యాను కోసం ఇంకో సెంటీమీటరు వదలడం ఓటమి అనుకోకండి.

పెట్టె విప్పారు కదా, పాత విద్యుద్విశ్లేష్య కెపాసిటర్లు కూడా చూడండి. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని పనివాళ్ల లెక్క. ఇరుకు పెట్టెలోకి ముసలి కెపాసిటర్లను పంపడం అన్యాయం. 105 డిగ్రీలవి వేయండి. చోటు కలిసి వస్తుందని వాటి బదులు సెరామిక్‌వి పెట్టాలనిపిస్తుంది. వోల్టేజీ పెరిగేకొద్దీ చాలా సెరామిక్ కెపాసిటర్ల సామర్థ్యం తగ్గిపోతుంది. మీద రాసిన విలువ అక్కడ దొరకదు. కొన్ని పాత రెగ్యులేటర్లయితే సెరామిక్ తగిలిస్తే ఊగిసలాడతాయి కూడా.

బ్యాటరీతో చేతిలో పట్టుకునేలా చేద్దామనుకునేవాళ్లకు, 18650 సెల్లు ఒక్కొక్కటి 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 పొడవు. ఆ లావుకు తోడు రెండు వైపులా గోడల మందం కూడా కలుపుకోండి, సెల్లున్న చోట పెట్టె అంతకన్నా పలుచన కాదు. రక్షణ సర్క్యూట్ లేకుండా వాడకండి. సెల్లు మీద నేరుగా టంకం పెట్టకండి, పట్టీలు అంటించినవే కొనండి.

నా రెండో వీ బోర్డు బతికింది. ఈసారి కాగితం మీద అంకెలు రాసుకుని కోశాను. ఫ్యాను కోసం ఒప్పుకోక ఒప్పుకోక ఒక సెంటీమీటరు వదిలాను. ఇప్పుడది అరచేతిలో పడుతుంది. దాని అడాప్టరు మాత్రం ఇంకా దానికన్నా పెద్దదే.